ఒక వారం అరంగుళం లోపు, మరుసటి వారం అంగుళన్నర: సొంత లోడ్లలో తేడా ఎక్కడ వస్తోంది?

కొత్తబారెల్
మూడు నెలలుగా తూటాలు సొంతంగా నింపుకుంటున్నాను. అంటే కాల్చిన ఇత్తడి కేసులో కొత్త ప్రైమర్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న గుళిక), పౌడర్, బుల్లెట్ పెట్టుకోవడం. ఆ కూర్పునే లోడ్ అంటాం. రైఫిల్ .308 విన్చెస్టర్, బోల్ట్ యాక్షన్. కంపెనీ మ్యాచ్ తూటాలతో 100 గజాల దగ్గర అయిదు షాట్లు అంగుళం, అంగుళంపావులో పడేవి. సొంతంగా నింపితే ఇంకా దగ్గరికి వస్తాయన్న ఆశతోనే ప్రెస్ (తూటా నింపే పరికరం) కొన్నాను.

మాన్యువల్‌లో ఇచ్చిన కనిష్ఠ తూకం దగ్గర మొదలుపెట్టి, పౌడర్‌ను 0.3 గ్రెయిన్ (పౌడర్ తూచే చిన్న కొలత) చొప్పున పెంచుతూ తొమ్మిది మెట్లు, మెట్టుకు మూడు షాట్లు కాల్చాను. ఆరో మెట్టు 0.4 అంగుళం వచ్చింది. మూడు రంధ్రాలూ ఒకదాన్నొకటి తాకుతున్నాయి. రెండో మెట్టు 1.3, అన్నిటికంటే చెత్త. ఆరో మెట్టు కాగితం గోడకు అంటించుకుని అదే తూకంతో యాభై తూటాలు నింపాను. మరుసటి వారం అయిదు షాట్లు కాలిస్తే 1.5. ఇంకో అయిదు, 1.1. ఇంకో అయిదు, 1.6. ఇది కంపెనీ తూటా కంటే అధ్వానం.

తూకం అదే, బుల్లెట్ అదే, ప్రైమర్ అదే, పౌడర్ డబ్బా అదే. మరి ఏం మారింది? రాత్రుళ్ళు కూర్చుని ఒక్కొక్కటీ తూచి నింపినవి ఇలా చెదిరిపోతుంటే నిజంగా బాధగా ఉంది. ఎక్కడ వెతకాలో చెప్పండి.

నిదానం
ఏమీ మారలేదు. ఆరో మెట్టు మొదటి రోజు కూడా అంతే. మూడు షాట్లు కాబట్టి మీకు తెలియలేదు.

కొత్తబారెల్
అర్థం కాలేదు. 0.4 నా కళ్ళతో చూశాను కదా.

నూరుగజాలు
నేనూ ఒప్పుకోను. ఇరవై ఏళ్ళుగా మూడు షాట్లతోనే లోడ్ ఎంచుకుంటున్నాను, వేటకైనా కాగితానికైనా. మూడు షాట్లలో తేలనిది ముప్పైలో తేలుతుందా? బారెల్ అరగదీసుకోవడం తప్ప.

నిదానం
కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

గ్రూప్ సైజు అంటే ఒకదానికొకటి అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య దూరం. షాట్లు పెరిగేకొద్దీ అది పెరగడమే తప్ప తగ్గదు. రైఫిల్, మనిషి, లోడ్ ఏదీ మారకుండా మూడు షాట్ల గ్రూపులు సగటున అంగుళం వస్తుంటే, అయిదు షాట్లవి సగటున 1.27, పది షాట్లవి 1.58 అంగుళం వస్తాయి. లోడ్ పాడైపోలేదు, లెక్కే అంత. కొత్తబారెల్ గారు మూడు షాట్ల 0.4ని అయిదు షాట్ల 1.5తో పోలుస్తున్నారు. ఆ రెండూ ఒకే కొలబద్ద కాదు.

రెండో విషయం ఇంకా ముఖ్యం. మూడు షాట్ల గ్రూపు ఒకటికీ ఇంకోటికీ విపరీతంగా ఊగుతుంది. సగటు 0.85 ఉన్న లోడ్‌తో మూడేసి షాట్ల గ్రూపులు తొమ్మిది కాల్చండి. ఒకటి 0.4 దగ్గర, ఒకటి 1.3 దగ్గర పడటం మామూలే. అంటే మీరు కాల్చిన తొమ్మిది మెట్లలోనూ తూకం మార్చకపోయినా దాదాపు అదే కాగితం వచ్చి ఉండేది. మీరు ఎంచుకున్నది మంచి లోడ్‌ను కాదు, అదృష్టం బాగున్న మూడు షాట్లను.

కొత్తబారెల్
ఇది చదివి అయిదు నిమిషాలు అలాగే కూర్చున్నాను. గోడ మీద కాగితం వంక చూస్తూ.

నూరుగజాలు
నిదానం గారు చెప్పిన లెక్క తప్పనను. కానీ ఒక్కటి. మూడు షాట్లే రెండున్నర అంగుళాలు పోతే ఆ లోడ్‌ను అక్కడే వదిలెయ్యొచ్చు. ఇంకో ఏడు కాల్చినా అది దగ్గరికి రాదు కదా. నా ఇరవై ఏళ్ళ పద్ధతి అదే, చెత్త ఏరెయ్యడం.

నిదానం
అది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. మూడు షాట్లు 'వద్దు' అని చెప్పగలవు. 'ఇదే' అని చెప్పలేవు.

ఇత్తడికేసు
లెక్క సంగతి బాగుంది. అయినా అయిదు షాట్ల గ్రూపు 1.6 అంటే, కంపెనీ తూటాతో అంగుళం కొట్టిన రైఫిల్‌కు అది ఎక్కువే. లెక్క ఒక్కటే కారణం కాదనిపిస్తోంది. కొత్తబారెల్ గారూ, మీ ఖాళీ కేసులు ఎక్కడివి? ఎన్నిసార్లు కాల్చినవి? అన్నీ ఒకే తయారీవేనా?

కొత్తబారెల్
నేను కొన్న తూటాలవి సగం. మిగతావి రేంజ్‌లో తోటివాళ్ళు వదిలేస్తే ఏరుకున్నవి. రెండు రకాల ముద్రలు ఉన్నాయి అడుగున. కొన్ని ఒక్కసారి కాల్చినవి, కొన్ని అయిదారుసార్లు అయి ఉంటాయి. అన్నీ ఒకే డైలో (కేసును సరైన కొలతకు నొక్కే అచ్చు) సైజు చేశాను కాబట్టి ఒకేలా ఉంటాయనుకున్నాను.

ఇత్తడికేసు
దొరికింది. కనీసం ఒక ముక్క.

బయట కొలత ఒకేలా ఉంటుంది, నిజమే. లోపల ఉండదు. ఒక తయారీ కేసు గోడ మందంగా ఉంటుంది, ఇంకోదానిది పల్చగా. మందమైన దాంట్లో జాగా తక్కువ. అదే తూకం పౌడర్ అందులో ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తుంది, బుల్లెట్ వేగం మారుతుంది. ఇది గురి సంగతే కాదు, భద్రత సంగతి కూడా. .308కు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. పల్చటి కేసులో నిక్షేపంగా ఉన్న లోడ్ మందమైన కేసులో ఆ గీత దాటొచ్చు. కేసు మార్చితే మళ్ళీ కింది నుంచే మొదలుపెట్టాలి.

ఇక మెడ. బుల్లెట్‌ను పట్టుకునేది కేసు మెడ. తూటా కాల్చినప్పుడల్లా ఇత్తడి సాగుతుంది, డైలో నొక్కినప్పుడల్లా ముడుచుకుంటుంది. అలా సాగీ ముడుచుకునీ గట్టిపడిపోతుంది. గట్టిపడ్డ మెడ డైలోంచి బయటకు రాగానే కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది. కొత్త మెడ అంతగా తెరుచుకోదు. కాబట్టి ఒకసారి కాల్చిన కేసూ, ఆరుసార్లు కాల్చిన కేసూ బుల్లెట్‌ను ఒకే పట్టుతో పట్టుకోవు. ఒక పరీక్ష చెప్తాను. ఈ రాత్రి బుల్లెట్ కూర్చోబెట్టేటప్పుడు ప్రెస్ పిడి మీద చెయ్యి తేలిగ్గా ఉంచండి. కళ్ళు మూసుకుని చేసినా ఫరవాలేదు. కొన్ని వెన్నలో దిగినట్టు జారతాయి, కొన్ని గరగరమంటూ మొరాయిస్తాయి. ఆ రెండింటినీ వేర్వేరు పెట్టెల్లో పెట్టండి.

కొత్తబారెల్
పరీక్ష అక్కర్లేదు. ఆ తేడా నాకు మొదటి రోజు నుంచీ తెలుసు! పిడి మీద స్పష్టంగా తెలుస్తుంది. కొన్ని నొక్కితే 'కిర్ర్' మని చిన్న శబ్దం కూడా వస్తుంది. అది మామూలే అనుకున్నాను.

ఇత్తడికేసు
ఆ 'కిర్ర్' మన్నవి అల్ట్రాసోనిక్‌లో కడిగినవా?

కొత్తబారెల్
అవును! కొన్ని అలా కడిగాను, కొన్ని డ్రమ్ములో పొట్టు వేసి తిప్పాను.

ఇత్తడికేసు
అల్ట్రాసోనిక్‌లో మెడ లోపల మసి కూడా పోయి బోసి ఇత్తడి మిగులుతుంది. బుల్లెట్ రాగి, కేసు ఇత్తడి, మధ్యలో ఏమీ లేకపోతే పట్టేసుకుంటాయి. మసి పలుచటి పొరలా ఉంటే సాఫీగా దిగుతుంది. నేను మెడ లోపల నైలాన్ బ్రష్ ఒకసారి తిప్పి వదిలేస్తాను, మెరిసేదాకా రుద్దను. లేదంటే పొడి గ్రాఫైట్ కాస్త తగిలిస్తాను.

పాతప్రెస్
కేసులు మెరవాలని ఎవరు చెప్పారో కానీ, లోపలంతా అద్దంలా చేసి గురి పోగొట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. లక్ష్యం బుల్లెట్‌నే చూస్తుంది, కేసును చూడదు.

చిన్నఅడుగు
మెడ గట్టిపడితే ఏం చెయ్యాలి? పారెయ్యడమేనా?

ఇత్తడికేసు
అనీలింగ్ అంటారు. మెడను, దాని కింద వాలుగా ఉండే కేసు భుజాన్ని లెక్కగా వేడి చేసి మళ్ళీ మెత్తబరచడం. నేను ప్రతి మూడు నాలుగు కాల్పులకు ఒకసారి చేస్తాను. కానీ ఒక్క మాట మర్చిపోకండి, కేసు అడుగు భాగానికి వేడి తగలకూడదు. ఒత్తిడిని ఆపేది అదే. అది మెత్తబడ్డ కేసును మీ ముఖం ముందు పేల్చకండి. మెడ చీలిన కేసు, అడుగుకు కొంచెం పైన చుట్టూ తెల్లటి గీత కనిపించే కేసు అయితే ఆలోచించకుండా నలగ్గొట్టి పారెయ్యండి.

తూకంరాయి
మీ త్రాసు సంగతి ఎవరూ అడగలేదు. ఏం వాడుతున్నారు?

కొత్తబారెల్
చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు. 0.1 గ్రెయిన్ వరకు చూపిస్తుంది.

తూకంరాయి
నా అనుభవం చెప్తాను. రెండేళ్ళ కిందట ఒక రాత్రి అరవై తూటాలు నింపాను. నలభై దాటాక ఎందుకో అనుమానం వచ్చి, త్రాసుతో వచ్చిన తూకపు రాయి పెట్టి చూస్తే 0.4 గ్రెయిన్ తక్కువ చూపిస్తోంది. అంటే నేను 0.4 ఎక్కువ పోస్తున్నాను. ఎప్పటి నుంచి ఎక్కువ పోస్తున్నానో తెలియదు. మొత్తం అరవై విప్పేశాను. బుల్లెట్ పుల్లర్‌తో ఒక్కొక్కటీ, తెల్లవారుజాము రెండు దాకా. కారణం పైన తిరుగుతున్న ఫ్యాన్. త్రాసు కొంచెం కొంచెంగా జరిగిపోయింది.

ఇప్పుడు పద్ధతి మార్చాను. ఫ్యాన్ ఆపడం, ఫోన్ పక్క గదిలో పెట్టడం, త్రాసు ఆన్ చేసి అరగంట వదిలెయ్యడం, ప్రతి పది తూటాలకు ఒకసారి రాయి పెట్టి చూడడం. గ్రెయిన్ అంటే ఎంతో గుర్తుంచుకోండి, 64.8 మిల్లీగ్రాములు. 7,000 గ్రెయిన్లు కలిస్తే ఒక పౌండు. మీరు చూస్తున్న పదో వంతు అందులో పదో వంతు. ఊపిరి వదిలినా కదిలే తూకం.

పాతప్రెస్
తూకంరాయి గారి జాగ్రత్తకు దండం. కానీ తూకమే గురి అనుకోకండి. 100, 200 గజాల బెంచ్‌రెస్ట్ (రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే) పోటీల్లో ఏళ్ళ తరబడి చాలామంది పౌడర్‌ను తూచకుండా, మెజర్ పిడి తిప్పి ఘనపరిమాణంతోనే పోసుకునేవాళ్ళు. రేంజ్‌లోనే, పోటీ మధ్యలో, అవే పది పన్నెండు కేసులు మళ్ళీ మళ్ళీ నింపుకుంటూ. 1975లో వచ్చిన 6 ఎంఎం పీపీసీ తూటాతో వాళ్ళు పెట్టిన గ్రూపులు చూస్తే అయిదు రంధ్రాలు ఒకే రంధ్రంలా ఉంటాయి. తూకం వల్ల కాదు, బారెల్ వల్ల, బుల్లెట్ల వల్ల, ఒకే కేసుల వల్ల, గాలిని చదవడం వల్ల.

తూకంరాయి
వాళ్ళు 1,000 గజాలు కాల్చడం లేదు కదా.

పాతప్రెస్
కొత్తబారెల్ గారూ కాల్చడం లేదు. 100 గజాలు అన్నారు.

గాలివాటం
ఇద్దరూ సరే. దూరాన్ని బట్టి మాట్లాడుకుందాం. .308లో 0.1 గ్రెయిన్ తేడా అంటే వేగంలో సెకనుకు ఇంచుమించు 5, 6 అడుగులు. 100 గజాల దగ్గర, సెకనుకు 2,700 అడుగుల వేగంతో పోయే బుల్లెట్ గురుత్వాకర్షణకు రెండున్నర అంగుళాలు కిందికి దిగుతుంది, అంతే. అందులో 30 అడుగుల వేగం తేడా వచ్చినా కాగితం మీద అంగుళంలో పదో వంతు కూడా కనిపించదు. అదే 30 అడుగులు 1,000 గజాల దగ్గర సుమారు పది అంగుళాలు. అక్కడ తూకంరాయి గారు కరెక్ట్, ఇక్కడ పాతప్రెస్ గారు కరెక్ట్.

ఇంకోటి. 100 గజాలే కదా అని గాలిని వదిలెయ్యకండి. గంటకు 10 మైళ్ళ అడ్డగాలి అక్కడే అరంగుళం పైన పక్కకు నెడుతుంది. మీ 1.6 గ్రూపు అడ్డంగా సాగిందా, నిలువుగా సాగిందా?

కొత్తబారెల్
కాగితాలు తీసి చూశాను. రెండు గ్రూపులు ఎక్కువగా నిలువు. ఒకటి గుండ్రంగా చెదిరింది.

గాలివాటం
అయితే గాలి ఒక్కటే కాదు. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) ఉందా?

కొత్తబారెల్
స్నేహితుడిది తెచ్చి కాల్చాను. అయిదు షాట్ల వేగాల స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి ఎంత చెదిరాయన్న లెక్క) సెకనుకు 10 అడుగులు వచ్చింది. చాలా బాగుందనుకున్నాను.

నిదానం
మళ్ళీ నేనే వచ్చాను, క్షమించండి. అయిదు షాట్ల మీద 10 అని చూపిస్తే, అసలు విలువ 6 నుంచి 29 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే. ఇరవై షాట్ల మీద 10 వస్తే అప్పుడు 7.6 నుంచి 14.6. అయిదుతో మీకు తెలిసింది చాలా తక్కువ.

నూరుగజాలు
నిదానం గారికి ఇరవై లేనిదే అన్నం సహించదు :)

నిదానం
నిజమే, పది అయినా ఒప్పుకుంటాను :)

రెండోకన్ను
మీరంతా కేసులు, పౌడర్ అంటున్నారు. రైఫిల్‌ను చూశారా? పోయిన ఏడాది నేను ఒక నెల రోజులు లోడ్ మీద నింద వేశాను. రెండు రకాల పౌడర్, మూడు రకాల బుల్లెట్లు మార్చాను. గ్రూపు ఒకసారి దగ్గరగా, ఒకసారి రెండు ముక్కలుగా, పైన మూడు కింద రెండు అన్నట్టు. చివరికి స్కోప్ తీసి, దాన్ని రైఫిల్‌కు పట్టి ఉంచే బేస్ మీద వేలు పెడితే ముందు స్క్రూ గోటితో తిరిగింది. చేత్తో కూడా కాదు, గోటితో. దాన్ని బిగించిన రోజు మొదట వదిలేసిన లోడ్ కూడా బాగానే పడింది.

టార్క్ రెంచ్‌తో బేస్, రింగులు, యాక్షన్‌ను స్టాక్‌కు బిగించే యాక్షన్ స్క్రూలు అన్నీ చూడండి. బారెల్‌కు, స్టాక్‌కు మధ్య కాగితం ముక్క జరిపి చూడండి, ఎక్కడా ఆగకూడదు. తల అటూ ఇటూ కదిలిస్తే రెటికిల్ (స్కోప్‌లోని గురిగీతలు) లక్ష్యం మీద జారుతోందా చూడండి. జారితే పారలాక్స్ సర్దండి. ఇవన్నీ పావుగంట పని.

పాతప్రెస్
దీనికి వంద లైకులు. లోడ్ చెయ్యడం మొదలుపెట్టగానే తప్పంతా లోడ్‌లోనే ఉందనుకుంటాం.

కొత్తబారెల్
ఇప్పుడే చూశాను. బేస్ గట్టిగానే ఉంది. వెనక యాక్షన్ స్క్రూ పావు చుట్టు తిరిగింది. ఇది కారణమా అంటే చెప్పలేను కానీ బిగించాను. పారలాక్స్ 200 గజాల దగ్గర ఉంది, ఎప్పుడు అలా పెట్టానో గుర్తులేదు.

రెండోకన్ను
పావు చుట్టు చిన్నది కాదు.

దూరదృష్టి
సీటింగ్ డెప్త్ (బుల్లెట్‌ను కేసులోకి ఎంత లోతుగా కూర్చోబెడతామన్నది) గురించి ఎవరూ అనలేదేంటి? నాకు తూకం కంటే అదే ఎక్కువ తేడా చూపించింది.

కొత్తబారెల్
మాన్యువల్‌లో ఇచ్చిన మొత్తం పొడవుకే కూర్చోబెట్టాను, కాలిపర్‌తో ప్రతి తూటా కొలిచి.

దూరదృష్టి
అక్కడే చిక్కు. కొలిచింది బుల్లెట్ మొన దాకా. హాలో పాయింట్ (మొనకు రంధ్రం ఉన్న) మ్యాచ్ బుల్లెట్ల మొనలు చూడండి, తెగిన కాగితంలా ఎగుడుదిగుడుగా ఉంటాయి. అంగుళంలో వెయ్యో వంతులు పది, పదిహేను తేడా మామూలే. రైఫ్లింగ్‌ను (బారెల్ లోపలి మెలికల గాడులు) మొదట తాకేది మొన కాదు, ఒంపు తిరిగే చోటు, ఓగైవ్. కంపారేటర్ అనే చిన్న ముక్క కాలిపర్‌కు తగిలించి, కేసు అడుగు నుంచి ఓగైవ్ దాకా కొలవాలి. అప్పుడు మొన ఎలా ఉన్నా, రైఫ్లింగ్ దాకా బుల్లెట్ దూకే దూరం అన్ని తూటాల్లో ఒకటే అవుతుంది.

ఆ దూరాన్ని మార్చి చూస్తే కొన్ని బుల్లెట్లు పట్టించుకోవు, కొన్ని చాలా గునుస్తాయి. అయితే రైఫ్లింగ్‌కు ఆనించేలా పెట్టాలనుకుంటే జాగ్రత్త, ఒత్తిడి పెరుగుతుంది. తూకం తగ్గించి మళ్ళీ మొదటి నుంచి రావాలి. మ్యాగజైన్‌లో పడుతుందో లేదో కూడా చూసుకోండి.

ఇత్తడికేసు
అదే కంపారేటర్‌తో భుజం కూడా కొలవండి. డై భుజాన్ని ఎంత వెనక్కి తోస్తోందో తెలుస్తుంది. బోల్ట్ గన్‌కు ఒకటి రెండు వెయ్యో వంతులు చాలు. ఎక్కువ తోస్తే కేసు తొందరగా తెగుతుంది.

కొత్తబారెల్
ఇన్ని మార్చాలా? కేసులు, మెడ, కడగడం, త్రాసు, స్క్రూలు, డెప్త్... ఎక్కడి నుంచి మొదలుపెట్టను? నిజంగా టెన్షన్ వస్తోంది.

నిదానం
ఈ వారం డెప్త్ ముట్టుకోకండి, తూకం ముట్టుకోకండి. స్క్రూలు బిగించారు కదా. ఒకే ముద్ర ఉన్న, ఒకే సంఖ్యలో కాల్చిన కేసులు ఇరవై ఏరండి. అన్నీ ఒకేలా కడగండి, ఒకే పొడవుకు ట్రిమ్ చెయ్యండి. పదింటిలో మీ 'మంచి' ఆరో మెట్టు, పదింటిలో మీ 'చెత్త' రెండో మెట్టు. మిగిలిన పాత మిశ్రమ తూటాలు పది కూడా అదే రోజు కాల్చండి, పోల్చుకోవడానికి. వరసగా కాకుండా కలిపి కాల్చండి, ఒక్కో రకానికి వేరే చుక్క పెట్టి. బారెల్ వేడి, గాలి అన్నిటికీ సమానంగా పడతాయి.

ఎర్రజెండా
మధ్యలో వస్తున్నాను, కానీ కొత్తవాళ్ళు చదువుతున్నారు కాబట్టి రాయాలి.

గురి కోసం పట్టుదల పెరిగేకొద్దీ ధ్యాస బల్ల మీద తగ్గుతుంది. మా రేంజ్‌లో ఒకాయన షాట్ వేశాడు, శబ్దం టప్ మని చిన్నగా వచ్చింది. లక్ష్యం మీద రంధ్రం లేదు. బోల్ట్ లాగి ఇంకోటి ఎక్కించబోతుంటే పక్కనున్నవాళ్ళం కేకలు వేసి ఆపాం. బారెల్‌లో రాడ్ పెడితే నాలుగు వేళ్ళ లోతులో బుల్లెట్ ఇరుక్కుని ఉంది. కేసులో పౌడర్ పొయ్యడం మర్చిపోయాడు, ప్రైమర్ ఒక్కటే దాన్ని అక్కడిదాకా తోసింది. రెండోది పేలి ఉంటే బారెల్ చీలేది. అది జరిగి చాలాకాలమైంది, ఆ 'టప్' ఇంకా చెవిలో ఉంది.

బల్ల మీద ఎప్పుడూ ఒకే పౌడర్ డబ్బా. పని అయ్యాక మెజర్‌లో మిగిలింది వెంటనే అదే డబ్బాలోకి. బుల్లెట్ కూర్చోబెట్టే ముందు అన్ని కేసుల్లోకీ టార్చ్ వేసి, పౌడర్ ఒకే ఎత్తులో ఉందో లేదో చూడండి. ఇక్కడ ఎవరో రాసిన తూకం చూసి నింపకండి, ప్రచురించిన మాన్యువల్ చూసి కింది నుంచి పైకి రండి, గరిష్ఠం దాటకండి. బోల్ట్ ఎత్తడం బరువైనా, కేసు అడుగున మెరిసే మచ్చ పడినా, ప్రైమర్ అప్పడంలా చదునైనా అక్కడే ఆపండి. గ్రూపు ఎంత బాగున్నా సరే. కంటికి, చెవికి రక్షణ లేకుండా కూర్చోకండి. సొంతంగా నింపుకోవడానికి అనుమతి ఉందో లేదో మీరున్న దేశపు చట్టం చూసుకోండి, అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

పాతప్రెస్
అక్షరం పొల్లుపోకుండా నిజం. బల్ల దగ్గర కూర్చున్నప్పుడు నాతో మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నేను పెట్టిన నియమం అది.

తూకంరాయి
ఫోన్ వస్తే 'మందు కొలుస్తున్నాను' అని మాత్రం చెప్పకండి. అవతల ఉన్నది అమ్మ అయితే సాయంత్రానికి బంధువులంతా దిగుతారు :)

చిన్నఅడుగు
నాది .22 రిమ్‌ఫైర్. ఇవన్నీ దానికీ చెయ్యొచ్చా?

ఇత్తడికేసు
కుదరదు. దాని ప్రైమర్ మందు కేసు అంచు లోపలే ఉంటుంది, పిన్ను ఆ అంచును నలగ్గొడుతుంది. మళ్ళీ నింపేలా చేసింది కాదు. మీకున్న దారి లాట్ (ఒకే విడతలో తయారైనవి) పరీక్ష. ఒకే పేరుతో వచ్చే తూటాలైనా లాట్ నంబరు మారితే మీ బారెల్ ఇష్టం మారుతుంది. నాలుగైదు లాట్లు కాల్చి చూసి, నచ్చిన లాట్‌వే పెట్టెలు ఎక్కువ తీసిపెట్టుకోండి.

చిన్నఅడుగు
అక్కడ కూడా పది షాట్లేనా?

నిదానం
అక్కడ ఇంకా ఎక్కువ. అయినా .22 కదా, కాల్చడమే ఆనందం.

దూరదృష్టి
కొత్తబారెల్ గారు కనిపించి రెండు వారాలైంది. ఏమైనట్టు?

కొత్తబారెల్
ఉన్నాను. నిన్ననే కాల్చాను. రాయడానికే కూర్చున్నాను.

ముందు కేసులు. నా దగ్గరున్న డెబ్బైలో ఒకే ముద్ర, రెండేసిసార్లు కాల్చినవి అని నమ్మకంగా చెప్పగలిగినవి ఇరవై మూడు దొరికాయి. మిగతావి విడిగా పెట్టాను. ఈ ఇరవై మూడూ పొట్టులోనే తిప్పాను, మెడలో బ్రష్ ఒక్కసారి. నింపేటప్పుడు ఫ్యాన్ ఆపి, పదేసికి రాయి పెట్టి చూశాను. ఒకసారి 0.1 జరిగింది, మళ్ళీ సర్దాను. బుల్లెట్లు కూర్చోబెడుతుంటే మొదటిసారి పిడి మీద ఇరవైకి ఇరవై ఒకే బరువుగా అనిపించాయి. ఆ అనుభూతి ఎలా చెప్పాలో తెలియడం లేదు. చేతికే తెలిసిపోయింది ఈసారి బాగుంటుందని.

పొద్దున్నే వెళ్ళాను, జెండా దాదాపు కదలడం లేదు. నిదానం గారు చెప్పినట్టే మూడు చుక్కలు, మార్చి మార్చి కాల్చాను, పది పది పది.

పాత మిశ్రమ కేసులు: 1.6 అంగుళం.
కొత్తగా ఏరిన కేసులు, 'మంచి' ఆరో మెట్టు: 1.1.
కొత్తగా ఏరిన కేసులు, 'చెత్త' రెండో మెట్టు: 1.1.

రెండుసార్లు కొలిచాను. ఆరో మెట్టుకూ రెండో మెట్టుకూ కాగితం మీద పైకీ కిందికీ కొంచెం తేడా ఉంది కానీ సైజు ఒకటే. మూడు నెలలు ఆ మెట్ల మీద పెట్టిన శ్రద్ధ కేసుల మీద పెట్టి ఉంటే! స్క్రూ, పారలాక్స్ మూడింటికీ సమానమే కాబట్టి మిశ్రమానికీ, ఏరినవాటికీ మధ్య తేడా కేసులదే అనుకుంటున్నాను.

నిదానం
పది షాట్లు 1.1 అంటే మూడు షాట్ల లెక్కలో సగటున 0.7. ఇది మంచి రైఫిల్. పది షాట్ల మీద 1.6కూ 1.1కూ తేడా నిజమయ్యే అవకాశమే ఎక్కువ. అయినా ఇంకోరోజు అదే మళ్ళీ కాలిస్తే నాకు పూర్తి నమ్మకం.

నూరుగజాలు
నేను ఒప్పుకుంటున్నాను. రెండో మెట్టును నేనైతే మొదటి రోజే వదిలేసేవాణ్ణి. 1.3 చూసి.

ఇత్తడికేసు
రెండో మెట్టే ఉంచుకోండి. అదే గురి, తక్కువ ఒత్తిడి, కేసులు ఎక్కువకాలం బతుకుతాయి, బారెల్ కూడా.

పాతప్రెస్
అవును, భుజానికీ తేలిక.

రెండోకన్ను
గోడ మీద కాగితం తీసేశారా?

కొత్తబారెల్
తీయలేదు. దాని పక్కనే నిన్నటి మూడు చుక్కల కాగితం అంటించాను. లోడ్ రెండో మెట్టుకు మార్చాను.

దూరదృష్టి గారూ, కంపారేటర్ వచ్చింది. ఇరవై బుల్లెట్లు కొలిస్తే మొనల్లో పన్నెండు వెయ్యో వంతుల తేడా ఉంది, ఓగైవ్ దగ్గర రెండే. ఈసారి తూకం కదపను. ఇప్పుడున్న డెప్త్ ఒకటి, ఇరవై వెయ్యో వంతులు లోపలికి ఇంకోటి. లోపలికి తోస్తే ఒత్తిడి సంగతి?

దూరదృష్టి
లోపలికి తోస్తే కేసులో జాగా కొంచెం తగ్గుతుంది. మీరు రెండో మెట్టు మీద ఉన్నారు కాబట్టి పైన బోలెడు చోటుంది. అయినా మొదటి రెండు షాట్లకు బోల్ట్, ప్రైమర్ చూసుకుంటూ వెళ్ళండి. చెరి పది?

కొత్తబారెల్
చెరి పది. ఇరవై కేసులూ అవే. ఇప్పుడే ట్రిమ్ చేస్తున్నాను. ఆదివారం పొద్దున గాలి తక్కువని చూపిస్తోంది.